ఎర్ర గీతలకు అవతలి వచనాలు

2017 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి నేను తీసుకున్న వాగ్దాన కార్డు మీద ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం 12వ వచనంలోని మాట అచ్చయి ఉంది. "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు." చదవగానే నాకు చాలా సంతోషం కలిగింది. అప్పటికి ఆరేళ్ళుగా నేను అప్పులిస్తూనే ఉన్నాను. నేను చేస్తున్న పని మీద దేవుడే తన చెయ్యి ఉంచినట్టు అనిపించి, ఇంటికి వచ్చి ఆ కార్డును దేవుని వాక్యం పటాల పక్కన గోడకు అంటించాను.

నేను గుంటూరు ప్రాంతంలోని ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా పనిచేసి 2011లో ఉద్యోగ విరమణ చేశాను. మావారు అంతకు ముందే ప్రభువు సన్నిధికి వెళ్ళారు. విరమణ సమయంలో చేతికొచ్చిన డబ్బులో కొంత బ్యాంకులో వేసి, మిగిలింది నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పడం మొదలుపెట్టాను. మా ప్రాంతంలో ఇది ఎవరూ తప్పుగా చూడని పని. తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది మిరప, పత్తి వేసే కౌలు రైతులు. భూమి వాళ్ళ పేరున ఉండదు గనుక బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. కౌలు ముందే కట్టాలి, విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ ముందే కొనాలి, చేతికి డబ్బొచ్చేది మాత్రం కాయ ఎండి గుంటూరు యార్డులో అమ్ముడుపోయిన తరువాతనే.

వడ్డీ ఎలా పెరుగుతుందో తెలియనివారి కోసం ఒక లెక్క చెబుతాను. ప్రోనోటుకు మూడేళ్ళే కాలపరిమితి గనుక, ఆ లోపు డబ్బు రాకపోతే పేరుకున్న వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటాము. యాభై వేలకు నెలకు వెయ్యి చొప్పున మూడేళ్ళలో ముప్పయి ఆరు వేలు అవుతుంది. కొత్త నోటు 86,000కు రాస్తారు. మళ్ళీ మూడేళ్ళు గడిస్తే అది 1,47,920. అప్పు తీసుకున్నవాడు ఆరేళ్ళ కిందట చేతిలోకి తీసుకున్నది యాభై వేలే. ఈ లెక్కలు నేను పిల్లలకు చెప్పిన గణితమే గనుక నాకు ఎప్పుడూ తప్పలేదు. 2017 వేసవిలో మిర్చి ధర పడిపోయి రైతులు కాయను కోత కూలికి కూడా రాని ధరకు అమ్ముకున్నప్పుడు, నేను నోట్లు తిరగరాయించుకుంటూ కూర్చున్నాను.

ఆ డిసెంబరు రాత్రే మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, సంఘాన్ని ఒక మాట అడిగారు. బైబిల్లో ఉన్నవి 1,189 అధ్యాయాలు. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదిలో మొత్తం పూర్తవుతుంది, చదవడం మాత్రమే కాక, చదివిన దానిలో స్పష్టంగా చెప్పబడినది ఏదైనా మన జీవితంలో లేకపోతే దాన్ని ఒక పుస్తకంలో రాసుకుని దాని ప్రకారం నడవండి అన్నారు. నేను పసితనం నుంచి సండేస్కూలుకు వెళ్ళినదాన్ని, ముప్పయి ఏళ్ళు సండేస్కూలులో పాఠం చెప్పినదాన్ని. అయినా ఆదికాండము నుంచి ప్రకటన గ్రంథము వరకు ఒక్కసారి కూడా వరుసగా చదవలేదన్న సంగతి ఆ రాత్రి వరకు నాకు తట్టనే లేదు.

నా బైబిలు మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చినది. నచ్చిన వచనాల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకోవడం నాకు అలవాటు. 23వ కీర్తన, 91వ కీర్తన, యెషయా 41వ అధ్యాయంలో "నీకు తోడైయున్నాను భయపడకుము" అన్న మాట, యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న పౌలు మాట, ఇవన్నీ రెండు మూడు సార్లు గీసినవే. లేవీయకాండములో ఒక్క గీత కూడా లేదు. ఆమోసు గ్రంథంలో కొన్ని పుటలు కొత్తగా కొన్ననాటిలాగే అంచుల దగ్గర అంటుకుని ఉన్నాయి, వాటిని గోటితో విడదీయవలసి వచ్చింది.

జనవరి నాలుగో వారంలో నిర్గమకాండము 22వ అధ్యాయానికి వచ్చాను. నా ప్రజలలో బీదవానికి అప్పిచ్చినప్పుడు వడ్డీ వ్యాపారివలె ఉండకూడదు, వడ్డీ కట్టకూడదు అని అక్కడ ఉంది. చదివి ముందుకు వెళ్ళిపోయాను. ఫిబ్రవరి మొదట్లో లేవీయకాండము 25వ అధ్యాయంలో అదే మాట మళ్ళీ వచ్చింది. అది ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ధర్మశాస్త్రం, మనం కృపలో ఉన్నవాళ్ళం కదా అని మనసులో జవాబు చెప్పుకున్నాను. ఆ జవాబు ఎంత తొందరగా నా నోటికి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. దశమభాగం గురించి, తల్లిదండ్రులను సన్మానించడం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు అవీ ధర్మశాస్త్రంలోని మాటలేనని నాకు ఎన్నడూ అడ్డు రాలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చదివిన రోజు మాత్రం ముందుకు వెళ్ళలేకపోయాను. తిరగలిని గాని దాని మీది రాతిని గాని తాకట్టు పట్టకూడదు, అది మనిషి జీవనాధారాన్ని తాకట్టు పట్టడమే అని ఆరవ వచనంలో ఉంది. ఆ పూట నేను కూర్చుని చదువుతున్న ముందు గదిలోనే, కిటికీ పక్కన, పాత దుప్పటి కప్పిన కుట్టుమిషను ఒకటి ఉంది. అది మా సంఘంలోనే ఉండే ఒక చెల్లెలిది. 2013లో కూతురి వైద్యం కోసం ఆమె నా దగ్గర ఇరవై వేలు తీసుకుంది. మూడేళ్ళలో 9,600 రూపాయల వడ్డీ కట్టగలిగింది. మిగిలిన 4,800ను అసలులో కలిపి 24,800కు నోటు తిరగరాయించాను. ఆ తరువాత అయిదు నెలలు ఏమీ కట్టకపోయేసరికి, 2016 నవంబరులో ఇద్దరు కుర్రవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి మిషను మోయించుకొచ్చాను. అప్పు తీర్చి తీసుకెళ్ళమ్మా అన్నాను. మిషను లేకపోతే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. ఆమె ఆ ఏడాది మిరపకాయల కోతలకు వెళ్ళింది.

అదే అధ్యాయంలో పదో వచనం నుంచి మరొక మాట ఉంది. తాకట్టు వస్తువు తీసుకోవడానికి అప్పిచ్చినవాడు అవతలివాని ఇంట్లోకి వెళ్ళకూడదు, బయటనే నిలిచి ఉండాలి, అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి. పేదవాడి గడప దగ్గర అప్పిచ్చినవాణ్ణి ఆపి నిలబెట్టేటంత గౌరవం దేవుడు ఆ పేదవాడికి ఇచ్చాడు. నేను ఆ గడప దాటి లోపలికి వెళ్ళాను. మిషను మీద సగం కుట్టిన లంగా ఒకటి ఉంటే దాన్ని నేనే తీసి మంచం మీద పెట్టాను.

రెండు రోజుల తరువాత 28వ అధ్యాయం వచ్చింది. గోడ మీది కార్డులో ఉన్న మాట అక్కడ నా కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది. మొదటి పద్నాలుగు వచనాలు ఆశీర్వాదాలు, అవన్నీ నేను ఎర్రగా గీసుకున్నవే. మొదటి వచనంలో ఉన్న షరతును, అంటే ఆజ్ఞలన్నిటినీ అనుసరించి నడుచుకొంటే అన్న మాటను, నా పెన్సిలు తాకలేదు. పదిహేనవ వచనం నుంచి అరవై ఎనిమిదవ వచనం వరకు, యాభై నాలుగు వచనాలు, మాట విననివాళ్ళ సంగతి చెబుతున్నాయి. ఆ అధ్యాయం మీద నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. పద్నాలుగో వచనం దాటి వెళ్ళినది ఒక్కటీ నాకు గుర్తు లేదు.

నేను ఇతరులకు వినిపించిన వచనాలు కూడా ఆ రాత్రి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వడ్డీ ఆలస్యం చేసినవాళ్ళకు 37వ కీర్తనలోని "భక్తిహీనులు అప్పుచేసి తీర్చకయుందురు" అన్న మాట నేను చాలాసార్లు చెప్పాను. ఆ వచనం అక్కడితో అయిపోలేదు. నీతిమంతులు దాక్షిణ్యము కలిగి ధర్మమిత్తురు అన్నది దాని రెండో సగం. రోమా పత్రిక 13వ అధ్యాయం ఎనిమిదో వచనంలో ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దు, అంటే బాకీ ఉండవద్దు, అన్న మాటను వాడుకుని, దానితో కలిసే ఉన్న ప్రేమ అనే బాకీని వదిలేశాను. యిర్మీయా రాయించిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు మూడు నాలుగు పుటలు చదివించి, చాకుతో కోసి, కుంపటిలో వేసి కాల్చాడని యిర్మీయా 36వ అధ్యాయంలో ఉంది. ఆ కథను పిల్లలకు చెప్పేటప్పుడు ఆ రాజు మీద నాకు చాలా కోపం వచ్చేది.

మరునాడు అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. నా లోపల ఇంకా ఒక అడ్డు మిగిలి ఉంది, దాన్ని దాచకుండా అడిగాను. "అయ్యగారూ, వడ్డీ మాట పట్టుకుంటే లేవీయకాండమంతా పట్టుకోవాలి కదండీ. రొయ్యలు తినకూడదు, రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కట్టకూడదు. అవి వదిలేసి ఇది ఒక్కటే పట్టుకోవడం కూడా ఏరుకోవడమే కదా?" ఆయన చాలాసేపు ఓపికగా మాట్లాడారు. ఆహారం విషయం ప్రభువే మార్కు 7వ అధ్యాయంలో తేల్చి చెప్పాడు, అపొస్తలుల కార్యములు 10, 15 అధ్యాయాల్లో సంఘం దాన్ని గ్రహించింది, కొలొస్సయులకు రాసిన పత్రికలో అవి రాబోవువాటి ఛాయ అని పౌలు రాశాడు అని చూపించారు. తరువాత ఆయన అన్న మాట నా పుస్తకంలో రాసుకున్నాను. "అమ్మా, ఒక ఆజ్ఞ మన మీద ఉందో లేదో తెలుసుకోవాలంటే, యేసు ప్రభువు దాన్ని ఏం చేశాడో చూడండి. ఆహారపు నియమాన్ని ఆయన తీసివేశాడు. అప్పు విషయంలో ఆజ్ఞను తీసివేశాడా, ఇంకా ముందుకు తీసుకెళ్ళాడా అన్నది మీరే లూకా సువార్త దాకా చదివి చెప్పండి."

మిషను అప్పుడే తిరిగి ఇచ్చి ఉండవలసింది. నేను ఇవ్వలేదు. ఏడాది చదువు పూర్తయ్యాక అన్నీ కలిపి ఆలోచిద్దామని వాయిదా వేశాను. సౌలు రాజు అమాలేకీయుల మీద గెలిచి, అన్నిటినీ నాశనం చెయ్యమని దేవుడు చెప్పినా, మంచి గొర్రెలను, ఎడ్లను మాత్రం బలి అర్పించడానికని అట్టేపెట్టుకున్న సంగతిని మార్చి నెలలో చదివాను. బలి కంటె మాట వినడం శ్రేష్ఠమని సమూయేలు చెప్పిన వచనం మీద అప్పటికే ఎర్ర గీత ఉంది. అయినా మరో రెండు నెలలు ఆ దుప్పటి అలాగే ఉంది.

మే నెల మొదటి వారంలో, మిర్చి అమ్మకాలు అయిపోయి నాకు రావలసిన వడ్డీలు వచ్చిన రోజుల్లోనే, నెహెమ్యా 5వ అధ్యాయం చదివాను. పన్ను కట్టడానికి పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టి, కొడుకులను కూతుళ్ళను దాసులుగా పంపవలసి వచ్చినవాళ్ళు తమ సహోదరులైన యూదుల మీద మొర పెడతారు. నెహెమ్యా ప్రధానులను నిలదీసి, పొలాలతో పాటు వాళ్ళు తీసుకున్న నూరవ భాగాన్ని కూడా తిరిగి ఇచ్చెయ్యమంటాడు. నూరవ భాగమంటే నూటికి ఒకటి. నెలకు నూటికి రూపాయి అన్న మన లెక్కే అది అని అయ్యగారు చెప్పారు. నేను తీసుకుంటున్నది దానికి రెండింతలు.

ఆ అధ్యాయం నన్ను మరొక కారణం వల్ల కూడా పట్టుకుంది. మా తాత ఒక ఆసామి దగ్గర అప్పు కింద పాలేరుగా ఉండేవాడు. తీసుకున్నది యాభై రూపాయలు. ఎన్ని సంవత్సరాలు పనిచేసినా లెక్క తెగలేదు, చివరికి మా నాన్నను కూడా పదేళ్ళ వయసులో గేదెల కాపరిగా అక్కడే పెట్టవలసి వచ్చింది. మా నాన్నను అక్కడి నుంచి తప్పించి బడిలో చేర్చింది ఒక సువార్తికుడు. వెట్టిని నిషేధిస్తూ దేశంలో చట్టం వచ్చింది 1976లో. అంతకు చాలా ముందే మా కుటుంబం బైబిలు పట్టుకున్నందువల్ల బయటపడింది. ఆ బైబిలునే నేను ఒళ్ళో పెట్టుకుని, పక్కన వడ్డీ లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను.

మరుసటి రోజు నోట్లన్నీ బయటికి తీశాను. మొత్తం పదిహేడు. కాగితాల మీద ఉన్నది 9,86,000 రూపాయలు. నేను నిజంగా చేతికిచ్చింది 6,40,000. ఆరేళ్ళలో వడ్డీగా చేతికొచ్చింది 3,71,000. ఒక్కొక్కరి పేరున వాళ్ళు కట్టిన వడ్డీని అసలులో చెల్లు వేశాను. అయిదుగురి విషయంలో కట్టినది అసలును మించిపోయింది. ఆ అయిదు నోట్లు వాళ్ళ చేతికే ఇచ్చి, అదనంగా వచ్చిన 24,000ను రెండు నెలల్లో తిరిగి చెల్లించాను. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదేదైనా ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేను అంత ఇవ్వలేదు, ఆ సంగతి ఇక్కడ దాచను. మిగిలినవాళ్ళకు ఇంకా ఎంత బాకీ ఉన్నదో తక్కువ అంకెతో కొత్త చీటీలు రాసి, వడ్డీ లేదు, గడువు లేదు అని కింద నేనే సంతకం చేశాను.

మా అబ్బాయికి ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు చాలా నొచ్చుకున్నాడు. వాడి మాటలో బలం ఉంది. "అమ్మా, ఊళ్ళో మూడు రూపాయలకు, అయిదు రూపాయలకు ఇచ్చేవాళ్ళు ఉన్నారు. నువ్వు రెండు రూపాయలకు ఇస్తున్నావు. నువ్వు మానేస్తే వాళ్ళంతా ఆ అయిదు రూపాయల వాళ్ళ దగ్గరికే వెళ్తారు. అది వాళ్ళకు మేలా?" ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానంలో కూడా సాహుకారుల దగ్గర సొమ్ము ఉంచితే వడ్డీతో వచ్చి ఉండేదన్న మాట ఉంది కదా అని కూడా వాడు అడిగాడు. ధర్మశాస్త్రం పేరెత్తి చెప్పినది బీదవాని అప్పు గురించి గనుక, బ్యాంకులో వేసిన డబ్బు మీద వచ్చే వడ్డీని నేను వదులుకోలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు అందరూ బీదలే, అందులో సగానికి పైగా నాతో ప్రభు భోజనంలో పాలు పొందేవాళ్ళే.

వాడి మొదటి ప్రశ్నకు జవాబు అక్టోబరులో దొరికింది. లూకా సువార్త 6వ అధ్యాయంలో, తిరిగి వస్తుందని ఆశ ఉన్నవాళ్ళకే అప్పిస్తే పాపులు కూడా అలాగే చేస్తారు, మీరైతే ఏమీ ఆశించక అప్పియ్యండి అని ప్రభువు చెప్పాడు. అయ్యగారు అడిగిన దానికి కూడా జవాబు ఇదే. మత్తయి 5వ అధ్యాయంలో అప్పు అడగగోరువాని నుండి ముఖం తిప్పుకోవద్దన్న మాట కూడా ఉంది. వడ్డీ మానేసి డబ్బంతా బ్యాంకులో వేసుకుని నేను నిశ్చింతగా కూర్చుంటే, మళ్ళీ సగం మాట విన్నట్టే అవుతుందని అప్పుడు అర్థమైంది. తిరిగి వచ్చిన దానిలో లక్షన్నర పక్కకు పెట్టి, మనిషికి పదిహేను వేలు మించకుండా, వడ్డీ లేకుండా ఇవ్వడం మొదలుపెట్టాను. నెలకు పన్నెండు వేలకు పైగా వచ్చే రాబడి పోయింది, పింఛనుతో గడుస్తోంది. వడ్డీకిచ్చే ఒకాయన మా ఇంటికొచ్చి, టీచరమ్మగారూ, మీరు మా బతుకు చెడగొడుతున్నారు అని గట్టిగానే అన్నాడు. తక్కువ అంకెతో చీటీలు రాసినవాళ్ళలో నలుగురు ఇప్పటికీ ఏమీ తిరిగి ఇవ్వలేదు. వాళ్ళలో ఒకరు ఇవ్వగలిగి ఉండి కూడా ఇవ్వడం లేదని నాకు తెలుసు, అది కష్టంగానే ఉంది. ఏమీ ఆశించక అన్న మాటను నోటితో చదవడానికి, ఆ మనిషి కొత్త బండి మీద ఇంటి ముందు నుంచి వెళ్తుంటే దాన్ని పాటించడానికి మధ్య నేను ఇంకా ప్రార్థనలోనే ఉన్నాను.

మిషను సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అదే నాకు అన్నిటికంటే బరువైనది. నోట్లు బయటికి తీసిన మరునాడే దాన్ని రిక్షాలో ఎక్కించి ఆ చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాను. ఈసారి గడప బయటనే నిలబడ్డాను. పద్దెనిమిది నెలలు ఆమెకు కుట్టుపని లేకుండా చేసినందుకు, మిగిలిన 10,400 బాకీ కొట్టేశానని చెప్పి నోటు ఇచ్చాను. నన్ను క్షమించమని అడిగాను. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అన్న మాటను నేను ఎన్నిసార్లు పిల్లలతో కంఠస్థం చేయించానో లెక్క లేదు. ఆమె నోటు తీసుకుంది, మిషను లోపల పెట్టించుకుంది, ఏమీ అనలేదు. ఆమె 2016 క్రిస్మసు నుంచి మా సంఘానికి రావడం మానేసిందన్న సంగతి నాకు తెలుసు. కారణం ఏమిటని మా స్త్రీల సమాజంలో మాట వచ్చినప్పుడు, విశ్వాసంలో చల్లారిపోయింది అని నేనే అన్నాను. అది కూడా ఆ గడప దగ్గర ఆమెతో చెప్పాను. అప్పుడు మాత్రం తలెత్తి నా వైపు చూసింది.

ఆమె మళ్ళీ మా సంఘానికి రాలేదు. పక్క ఊళ్ళో ఉన్న మరొక సంఘానికి వెళ్తోంది. 2019లో ఈస్టరుకు ముందు, మా మేనకోడలి పెళ్ళికి కట్టుకునే చీర మీదికి జాకెట్టు కుట్టించుకోవాలని గుడ్డ తీసుకుని వెళ్ళాను. వేరే ఎవరి దగ్గరైనా కుట్టించుకోవచ్చు, కాని ఆమె దగ్గరికే వెళ్ళాలనిపించింది. కొలతలు తీసుకుంది. కుట్టుకూలి నూట యాభై అంది. సరే తల్లీ అన్నాను. మూడో రోజు మధ్యాహ్నం తానే తెచ్చి ఇచ్చింది. నా దగ్గర ఆ పూట చిల్లర లేదు, రేపు తీసుకుంటానులే అక్కా అని వెళ్ళబోయింది. రెండున్నరేళ్ళ తరువాత ఆమె నోట అక్కా అన్న మాట మళ్ళీ వినడం అదే మొదలు. కూలివాని కూలి ఆ దినమే, పొద్దు గుంకక మునుపే ఇవ్వాలన్న మాట కూడా మిషను మాట ఉన్న ఆ 24వ అధ్యాయంలోనే, పదిహేనవ వచనంలో ఉంది. కొట్టుకు వెళ్ళి నోటు మార్చుకుని, వెలుగు ఉండగానే ఆమె ఇంటికి వెళ్ళి ఇచ్చి వచ్చాను.